గోడ మీద పద్నాలుగు

"ఏం తింటారు బీబీజీ?" అని అడిగి ధాబా యజమాని కాలా భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచాడు. తుడవడం అయిపోయినా అక్కడే నిలబడ్డాడు. అప్పటికి గాని మల్కీత్ కౌర్‌కు ఆ మాట తననే అడిగాడని తట్టలేదు. వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ, గోడకానుకుని నీళ్ళోడుతున్న కూలరు, కూలరు జాలీలో ఎండిపోయిన గడ్డి. మనిషంటూ ఎవరూ లేరు. తమ్ముడు గుర్నైబ్ ఉంటే వాడే చెప్పేసేవాడు. వాడు ఇప్పుడే ఫోను చెవికి ఆనించుకుని లేచి వెళ్ళాడు. పెళ్ళి మాటలకు రావాల్సిన ఆ దల్బారా సింగ్ వంతెన కింద తిరగాల్సిన చోట తిరక్కుండా నేరుగా సర్‌హింద్ వైపు పోయాడట. ఎదురెళ్ళి తీసుకొస్తానక్కా, ఈలోగా నువ్వేదైనా తెప్పించుకో, ఆలోచించుకో కూడా, అన్నాడు. తెప్పించుకో అన్నాడే గాని ఏం తెప్పించుకోవాలో చెప్పలేదు. ఆలోచించుకో అన్నాడే గాని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. చెప్పులు నులకమంచం కింద విడిచి, చున్నీ నుదుటి దాకా లాక్కుని, కాళ్ళు మడుచుకుని కూర్చుంది ఆమె. మంచానికి అడ్డంగా వేసిన చెక్క పలక మీద స్టీలు జగ్గు, బోర్లించిన గ్లాసు, ఒక పళ్ళెంలో నిలువుగా చీల్చిన ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు. ఇవి ఎవరూ అడక్కుండానే వచ్చాయి. అలా అడక్కుండా వచ్చినంత వరకు ఆమెకు బాగానే ఉంది.

"ఏదున్నా పెట్టు, అన్నా" అంది.

"అన్నీ ఉన్నాయి బీబీజీ. అందుకే అడుగుతున్నా" అన్నాడు కాలా. యాభై ఏళ్ళవాడు, పొట్ట ముందు నడుస్తుంటే వెనకాల తను నడిచే రకం. ఊపిరి తీసుకోకుండా చదివేశాడు: మినప్పప్పు, పసుపుపప్పు, రాజ్మా, పకోడీల కఢీ, ఆలూ గోబీ, ఆలూ బఠాణీ, పనీరు రెండు రకాలు, కాల్చిన వంకాయ భర్తా, బెండకాయ... ఆమెకు మొదటి రెండు చెవిలో పడ్డాయి, మిగతావన్నీ రోడ్డు మీద లారీలు పోతున్నట్టు ఒకదాని వెనక ఒకటి పోయాయి. పక్క మంచం మీద లారీ డ్రైవరొకడు తలపాగా విప్పి మోకాలికి తగిలించి తింటున్నాడు. వాడు తల ఎత్తకుండానే, "ఓ కాలా, మళ్ళీ చదువు, నాక్కూడా వినబళ్ళేదు" అన్నాడు. "నువ్వు పన్నెండేళ్ళ నుంచి పసుపుపప్పే తింటున్నావు, నీకెందుకోయ్ వినబడ్డం?" అన్నాడు కాలా.

ఈ మధ్య అందరూ ఆమెను అడగడం మొదలుపెట్టారు. తికమకంతా అక్కడే ఉంది. గోధుమ కోతలప్పుడు, పొట్టు దుమ్ములో దగ్గుతూ గుర్నైబ్ అడిగాడు. ఉంటానంటే మా ఇంట్లోనే ఉండక్కా, పొమ్మనేవాళ్ళెవరూ లేరు. వెళ్తానంటే ఆ దల్బారా సింగ్ మంచివాడు, పెళ్ళాం పోయి నాలుగేళ్ళయింది, పిల్లలు లేరు, సమ్రాలా దగ్గర సొంత పిండిమర ఉంది. ఇవాళ కాకపోతే రేపు అనేది లేకుండా వాళ్ళకు మాటివ్వాలి, కాని ఈసారి నీ నోటితో నువ్వే చెప్పాలి, నీ ఇష్టం. మరదలు గిన్నె మీద గిన్నె బోర్లిస్తూ నీ ఇష్టం వదినా అంది. కూతురు రాజ్ బర్నాలా నుంచి ఫోను చేసి, నీ ఇష్టమమ్మా, నేనేమీ అనుకోను అని, ఆ తర్వాత వాళ్ళింటి కుక్క మొరగడం మాత్రమే వినిపించింది. ఇష్టం, ఇష్టం. ట్రంకు పెట్టె అడుగున ఎప్పుడో దాచి మరిచిపోయిన వస్తువేదో ఉన్నట్టు, దాన్ని ఒక్కసారి పైకి తీసి చూపించమని అందరూ చుట్టూ చేరారు. తను తీస్తూనే ఉంది. పైన మామగారి దుప్పటి, దాని కింద అత్తగారి శాలువా, దాని కింద పోయిన ఇద్దరు మొగుళ్ళ తలపాగాలు, ఒకటి నీలం, ఒకటి ఆవపువ్వు రంగు, దాని కింద రాజ్ చిన్నప్పటి ఊలు టోపీ. ఎంత తోడినా వేరేవాళ్ళవే వస్తున్నాయి. అడుగున ఏముందో, అసలు అడుగు ఉందో లేదో.

"ఇలా రండి బీబీజీ, కళ్ళతో చూసుకోండి" అని కాలా ముందుకు నడిచాడు. ఆమె చెప్పులేసుకుని వెంట వెళ్ళింది. వంటగదంటూ లేదు, రోడ్డు వైపే మట్టి గట్టు, గట్టు మీద ఇత్తడి గిన్నెలు తలలు ఒక పక్కకు వాల్చి వరసగా కూర్చున్నాయి. కాలా ఒక్కొక్క మూత ఎత్తి, ఆవిరి పోయేదాకా ఆగి, ఆమె మొహం చూసి, మళ్ళీ మూసేవాడు. మినప్పప్పు మీద వెన్న కరుగుతోంది. కఢీలో పకోడీలు పైకి తేలుతున్నాయి. మూడో మూత ఎత్తగానే ఆమె ముక్కు ముందు కనిపెట్టింది. "రాజ్మా అడుగంటుతోంది" అంది, అంటూనే చెయ్యి గరిటె మీదకు పోయింది, అడుగు గీకకుండా పైపైన తిప్పి, మంట లోపలికి తోసిన కట్టెను కాలితో వెనక్కి లాగింది. కాలా మూత పట్టుకుని అలాగే చూశాడు. "మీరు తినడానికొచ్చారా, పనికొచ్చారా?" అన్నాడు. తందూరు దగ్గర పిండి చరుస్తున్నతను నవ్వాడు. ఆమె గరిటె వదిలేసి చేతులు చున్నీకి తుడుచుకుంది. గిన్నెల ముందు నిలబడితే ఏం చేయాలో ఆమెకు తెలుసు. ఏది మాడుతుందో, దేనికి అల్లం తక్కువైందో, ఏది రేపటికి బాగుంటుందో తెలుసు. ఏది కావాలో తెలియదు. మొదటి మొగుడు నిర్మల్‌కైతే మినప్పప్పు, చిక్కగా, చెంచా నిలబడాలి. రెండో మొగుడు జోరాకు పసుపుపప్పు, తాలింపు కళ్ళెదురుగా పడాలి. మామగారికి పళ్ళు లేవు, రొట్టె పాలలో నానబెట్టాలి. అత్తగారికి శుక్రవారాలు పులుపు పనికిరాదు. రాజ్‌కు వేళ్ళతో ఏరి తీసిన బంగాళదుంప. ఇన్ని తెలుసు. ఈ వరసలో చివర తనుంటుంది కదా, అక్కడికొచ్చేసరికి గిన్నె ఖాళీగా కనిపిస్తోంది.

మళ్ళీ వచ్చి మంచం మీద కూర్చుంది. కాలా మంచి మనిషి, నిదానంగా చెప్పండి అని నీళ్ళు పోసి పోయాడు. జోరా సింగ్ ఇరవై ఏళ్ళు లారీ నడిపి ఇలాంటి చోట్లే తిన్నాడు. వారం పదిరోజులకు ఇంటికొచ్చి, ఆమె పప్పు నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, బాగుంది అనేవాడు, కాని ధాబా పప్పులో ఏదో ఉంటుంది మల్కీత్, అదేమిటో చెప్పలేను, అనేవాడు. ఆ ఏదో ఏమిటా అని ఆమె ఒకసారి అల్లం ఎక్కువ వేసింది, ఒకసారి రాత్రంతా పిడకల నిప్పు మీద వదిలింది, ఒకసారి వెన్న కాచేటప్పుడు మెంతాకు వేసింది. ఊహూ, అదికాదు. ఇప్పుడు ఇక్కడ కూర్చుంటే ఆ ఏదో ఏమిటో తెలిసినట్టుంది. పక్క మంచం డ్రైవరు మోకాలికి తలపాగా తగిలించి, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా, ఒక కాలు ఊపుకుంటూ తింటున్నాడు. జోరా కూడా అలాగే కాలు ఊపుతూ తినేవాడేమో. ఇంట్లో ఊపేవాడు కాదు. ఇంట్లో ఆమె ఎదురుగా కూర్చుంటే బళ్ళో మాస్టారు ముందు కూర్చున్నట్టు కూర్చునేవాడు, ఇరవయ్యారేళ్ళూ అలాగే. చున్నీ చాటునుంచి వడ్డించిన అన్న పెళ్ళాం, భాబీ చేతి అన్నం కదా, ఒకప్పుడు.

మరిదితో రెండో పెళ్ళికి కప్పిన చాదర్ కింద వెలుతురు పాల రంగులో ఉండింది. నిర్మల్ ట్రాక్టరు కాలవలో బోర్లాపడి పోయి నలభై ఐదు రోజులు. ఆమెకు ఇరవై, జోరాకు పద్దెనిమిది. ముందురోజు దాకా భాబీ, కొంచెం మజ్జిగ ఇవ్వు, అన్నవాణ్ణి తెచ్చి పక్కన కూర్చోబెట్టి, ఇద్దరి తలల మీదా ఒక దుప్పటి కప్పారు, పెద్దవాళ్ళు దాని నాలుగు కొసలూ పట్టుకున్నారు, ఇంటి కోడలు ఇంట్లోనే ఉంటుందని, పొలం ఒక్క చోటే ఉంటుందని. బయట గ్రంథం చదివే గ్రంథీ గొంతు, ఆడవాళ్ళ ముక్కు చీదుళ్ళు. లోపల గంజి వాసన, మీసాలింకా సరిగా రాని కుర్రాడి చెమట వాసన. వాడు ఏడుస్తున్నాడని ఆమెకు దుప్పటి వణకడం వల్ల తెలిసింది. భాబీ, నన్నెవరూ అడగలేదు, అన్నాడు, పెదవులు కదలకుండా. నన్ను కూడా, అని ఆమె అందో, అనుకుందో. అనుకునే ఉంటుంది. దుప్పటి తీశాక మగవాళ్ళంతా వరసగా కూర్చుని తీపి అన్నం తిన్నారు. తను లోపలికి వెళ్ళి ఆ వంటపాత్రలే తోమింది. వాటిలో అడుగున తీపి అన్నం పెంకులా అంటుకుని ఉండింది. గోటితో పెకలించి నోట్లో వేసుకున్నట్టు గుర్తు. అది కూడా భోజనమే కదా. ఆ రోజు తిన్నది అదే కదా. ఆ మనిషితోనే తర్వాత ఇరవయ్యారేళ్ళు కాపురం చేసింది, కష్టం పెట్టలేదు, చెయ్యెత్తలేదు, పోయేరోజు పొద్దున కూడా మల్కీత్, తలుపు వేసుకో, అని లారీ ఎక్కాడు. వాడంటే ఇష్టమేనా అని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పి ఉండేదో. అలవాటైన చెప్పును ఇష్టమా అని ఎవరడుగుతారు? కాని మూడేళ్ళయినా తలుపు వేసుకునేటప్పుడు రోజూ ఆ మాట వినబడుతోందే, అది మరేమిటి?

గోడ మీద ఆకుపచ్చ రంగుతో పట్టిక రాసి ఉంది. రెండు చలికాలాలు గురుద్వారా వరండాలో ఎండకు వీపు పెట్టి గ్రంథీ భార్య దగ్గర అక్షరాలు నేర్చుకుంది ఆమె, కాబట్టి చదవగలదు, తొందరపెట్టకపోతే. ఒక్కొక్క అక్షరాన్నీ పెదవుల మీదకు తెచ్చుకుని, పక్కదానితో కలిపి, ఓహో గోబీ, అనుకునేసరికి ముందు వరస మరిచిపోయేది. కాలా గొంతులోంచి లారీల్లా పోయినవి ఇక్కడ నిలబడి ఉన్నాయి. వేలితో గాలిలో లెక్కపెట్టింది. పద్నాలుగు. రెండోసారి పదమూడు వచ్చింది. మూడోసారి మళ్ళీ పద్నాలుగు. గోడగడియారం నీడలో బెండకాయ దాక్కుంది. ఇన్నింటిలో ఇల్లు దాటి తను కోరి తిన్నది ఏదైనా ఉందా అని చూసుకుంది. ఇక్కడ లేదు గాని ఒకటి ఉంది. జర్గ్ మేళాలో జిలేబీ. దుమ్ము, గాడిదల గొంతులు, గాజుల అంగళ్ళు, కాగితంలో నాలుగు చుట్టలు, కాగితం నూనెకు పారదర్శకమై, దాని కింద పట్టుకున్న చెయ్యి కనిపిస్తూ ఉండింది. ఇంకేం తింటావు చెప్పు, నీకేం కావాలి, అని అడిగిందా చెయ్యి. అవును, ఒకరు అడిగారు. ఒక్కసారి అడిగారు. మీరేది తింటే అదే, అంది తను. ఆ మాటకు ఆ చెయ్యి కాసేపు అలాగే ఆగింది. ఎవరిదా చెయ్యి? నిర్మల్‌దయితే పెళ్ళయిన మొదటి చైత్రం అయ్యుండాలి. జోరాదయితే రాజ్ చంకలో ఉండాలి. చంకలో బరువు గుర్తులేదు, అలాగని ఖాళీగా ఉన్నట్టూ గుర్తులేదు. అన్నదమ్ములిద్దరివీ ఒకటే చేతులు, పొట్టి వేళ్ళు, బొటనవేలు వెనక్కి వంగి. గొంతులు కూడా అంతే, చీకట్లో పిలిస్తే అత్తగారే పొరబడేది. చేతికి గడియారం ఉందా? ఉంటే జోరా. కాగితం కనిపిస్తోంది, వేళ్ళు కనిపిస్తున్నాయి, మణికట్టు దగ్గరికొచ్చేసరికి దుమ్ము లేస్తోంది. అడిగినవాడు ఎవరో తెలియకపోతే పోనీ, అడిగినప్పుడు ఒక్క పేరు చెప్పి ఉంటే బాగుండేది. పకోడీ అనో, చెరకు రసం అనో. ఆ మొహం ఎలా వెలిగి ఉండేదో చూసేది, చూసి ఉంటే గుర్తుండేది.

ఇష్టం అంటే ఇదేనేమో అనిపించేది ఒకటి మాత్రం ఉంది. అందరి రొట్టెలూ అయ్యాక పళ్ళెం అంచులు గీకి, వేళ్ళకంటిన పిండిని కూడా కలిపి చేసే చివరి రొట్టె. అరచేతి కన్నా చిన్నది. ఆ వేళకు నిప్పు తగ్గి, అది నెమ్మదిగా కాలి, ఒక పక్క నల్లబడి కరకరలాడేది. బెల్లం ముక్క, పిడికిలితో పగలగొట్టిన ఉల్లిపాయ. పొయ్యి ముందే కూర్చుని, గోడకు తల ఆనించి, ఒంటరిగా. ఆ రుచి తలచుకుంటే ఇప్పుడు కూడా నోరూరింది. కాలాను పిలిచి అదే చెప్పేద్దామని చెయ్యెత్తింది కూడా. ఎత్తిన చెయ్యి సగంలో ఆగింది. అది తనకు ఇష్టమై తిన్నదా, మిగిలింది కాబట్టి తిని, తిని తిని ఇష్టమైందా? మిగిలినదాన్ని ఇష్టం అనుకుంటూ ఇన్నాళ్ళు గడిపానా, లేక అందులో నిజంగానే ఇష్టం ఉందా? రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? దల్బారా సింగ్ కూడా అలాంటి చివరి రొట్టేనా? అతనికి తను? నలభైతొమ్మిదేళ్ళ ఆడది, ఇద్దర్ని సాగనంపింది. యాభైయ్యయిదేళ్ళ మగవాడు, ఒకర్ని సాగనంపాడు. పళ్ళెం అంచుల నుంచి గీకి ముద్ద చేస్తున్నారు. కరకరలాడుతుందేమో. మాడుతుందేమో. గుర్నైబ్ ఇప్పుడో ఇంకాసేపటికో వస్తాడు, కళ్ళతోనే ఏమంటావక్కా అంటాడు, తను ఏదో ఒకటి అనాలి. అవునంటే అవునని అందరూ లేచి మిఠాయి తెప్పిస్తారు. కాదంటే కాదని లేచి బండెక్కుతారు. రెండు మాటలూ నాలుక మీద ఒకే బరువుతో ఉన్నాయి.

"చెప్పారా?" అన్నాడు కాలా, ఎత్తిన చెయ్యి చూసి వచ్చి.

ఆమె గోడ వైపు చూసింది. చూపు పైనుంచి జారుతూ వచ్చి కాల్చిన వంకాయ దగ్గర ఆగింది. జోరాకు వంకాయ అంటే దురద. నిర్మల్ వాసనకే లేచిపోయేవాడు. అత్తగారు వంకాయకు గుణం లేదు, అనేది. ముప్పై ఏళ్ళుగా తన చేత్తో ఒక్క వంకాయ కాల్చలేదు, పుట్టింట్లో తిన్నదే ఆఖరు, దాని రుచి కూడా గుర్తులేదు. ఇష్టమని కాదు. ఎవరి ఇష్టమూ దాని మీద లేదని. "భర్తా" అంది. గొంతు వేరేవాళ్ళదిలా వినిపించింది. కాలా తందూరు వైపు తిరిగి, "ఒక భర్తా, రెండు రొట్టెలు, బీబీజీకి" అని ఊరంతా వినేలా అరిచాడు. అంత గట్టిగా అరవాల్సిన విషయమా అని ఆమె తల వంచుకుంది.

రొట్టె తెచ్చేసరికి ఆమె ఇంకెక్కడో ఉంది. చైత్రపు దుమ్ములో ఆ మణికట్టు వెతుకుతోంది. ఎదురుగా నిలబడిన కాళ్ళు, వేడి రొట్టె వాసన, అంతే. ఆమె రెండు చేతులూ వాటంతటవే లేచి, అరచేతులు పక్కపక్కన చేరి, దోసిలి అయి ముందుకు చాచుకున్నాయి. గురుద్వారా లంగర్‌లో నేల మీద వరసలో కూర్చున్నప్పుడు ప్రసాదపు రొట్టె అందుకునేది అలాగే. అక్కడ ఎవరూ ఏం కావాలని అడగరు, పెట్టింది తింటారు, వరసలో రాజైనా అంతే, కూలివాడైనా అంతే. యాభై ఏళ్ళుగా బయట కూర్చుని తిన్న భోజనం అదొక్కటే కాబట్టి చేతులకు ఇంకో పద్ధతి తెలియదు. పక్క మంచం మీది కాలు ఊగడం ఆగింది. ఆమెకు తెలివొచ్చి చేతులు వెనక్కి లాక్కోబోయింది. కాలా లాక్కోనివ్వలేదు. ఒక్క క్షణం పొట్ట వెనక్కి లాక్కుని, కొంచెం వంగి, రొట్టెను దోసిట్లో నెమ్మదిగా పెట్టి, "వాహెగురు" అని గొణిగి వెళ్ళిపోయాడు. తందూరతను నవ్వబోతే ఆవైపు ఒక చూపు చూశాడు. రొట్టె చేతులను కాల్చింది. కాలుతున్నా ఆమె కాసేపు అలాగే పట్టుకుంది. బతుకంతా ఇలాగే కదా అందుకున్నాను, అనుకుంది, పెట్టింది పెట్టినట్టు, రెండు చేతులతో. అది తప్పని కూడా అనిపించలేదు. చేతులు దించి రొట్టె పళ్ళెంలో వేయడానికి మాత్రం ఏదో పెద్ద పని చేస్తున్నట్టు అనిపించింది.

మొదటి ముద్ద పొగ. రెండో ముద్దలో టమాటా, అల్లం, ఎక్కడో మాడిన తొక్క ముక్క. మూడో ముద్దకు అమ్మ వచ్చింది, బూడిదలోంచి పట్టకారుతో వంకాయ తీసి, ఊదుకుంటూ తొక్క ఒలిచి, వేళ్ళు చెవి తమ్మెలకు ఆనించి చల్లార్చుకుంటూ. వచ్చి వెంటనే పోయింది. బాగుందా? ఆమె నాలుకను అడిగింది. నాలుక తడబడింది. బాగున్నట్టే ఉంది. కాని ఏదో ఉంది, ఏదో లేదు. లేనిది ఏమిటో తేలకముందే గుర్నైబ్ గొంతు వినబడింది. లేచి నిలబడాలనుకుంది. మగవాళ్ళు రాకముందే తను తినడం మొదలుపెట్టింది, పళ్ళెం దాచేద్దామా అనుకుంది, నోట్లో ముద్ద ఉంది, ఇవన్నీ ఒకేసారి అనుకోవడం వల్ల ఏదీ చేయలేక అలాగే కూర్చుంది.

దల్బారా సింగ్ తలపాగా కొత్తది, గంజి పెట్టినట్టు బిగుసుకుని ఉంది. కింద మొహం మాత్రం పాతదే. కొత్త గోధుమ పట్టే రోజులు, అందుకని కనుబొమ్మల్లో, గోళ్ళ చివర్లలో పిండి అలాగే ఉంది, ఎంత కడిగినా పోనట్టుంది. సత్ శ్రీ అకాల్ అని చేతులు జోడించి, ఎక్కడ కూర్చోవాలో తెలియక ఎదురు మంచం చివర, పడిపోయేంత చివర కూర్చున్నాడు.

"వంతెన తప్పారట కదా?" అన్నాడు కాలా, అందరి సంగతీ తనదే అయినట్టు.

"తప్పలేదు" అన్నాడు దల్బారా సింగ్. "బోర్డు చూశాను. బండి ఆగలేదు. సర్‌హింద్‌లో ఒక టీ తాగాను."

"టీ తాగారా? నాతో ఫోనులో వంతెన అన్నారే" అన్నాడు గుర్నైబ్.

"వంతెన కిందే తాగాను."

పక్క మంచం డ్రైవరుకు పొలమారింది. కాలా నీళ్ళు ముందుకు జరిపి, "మీకేం కావాలి?" అని దల్బారా సింగ్‌ను అడిగాడు. అతను గోడ వైపు చూశాడు, గిన్నెల వైపు చూశాడు, కాసేపు పైకప్పు వైపు కూడా చూశాడు. ఆ చూపు ఆమెకు తెలిసిన చూపే. చివరికి వేలు ఆమె పళ్ళెం వైపు తిప్పి, "అదే" అన్నాడు. గుర్నైబ్ తనకు పప్పు చెప్పుకున్నాడు.

"ఆవిడ పోయాక ఇదే పద్ధతి" అన్నాడు దల్బారా సింగ్, ఆమెతోనో బల్లతోనో. "ఇంట్లో ఏది పెడితే అది తిన్నవాణ్ణి. అడిగితే నోట మాట రాదు. పక్కవాడి పళ్ళెం చూపించేస్తా. ఒకసారి పక్కవాడికి విరేచనాలట. నేనూ పెరుగు, మెత్తటి కిచిడీ తిని లేచాను."

ఆమెకు నవ్వొచ్చింది. చున్నీ అంచు పళ్ళ మధ్య పెట్టుకుంది. అతను ఇప్పుడు నిజంగా ఆమె వైపు చూసి, "ఇది బాగుందా?" అని అడిగాడు.

బాగుందా. ఎవరో కాగితం పట్టుకుని ఇంకేం కావాలి అన్నప్పటి దుమ్ము మళ్ళీ ఒక్కసారి లేచింది. మీకు బాగుంటే నాకూ బాగున్నట్టే, అనే మాట నోటి దాకా వచ్చేసింది, అలవాటున్న మాట కదా, దానికి దారి తెలుసు. ముద్ద మింగింది. మింగాక ఇందాక నుంచీ తేలని ఆ లేనిది తేలింది.

"ఉప్పు తక్కువ" అంది.

అన్నాక తనే విస్తుపోయింది. ఈ మాట ముప్పై ఏళ్ళలో ఎన్నివేలసార్లు వింది, మామగారి నోట, అత్తగారి నోట, ఇద్దరు మగవాళ్ళ నోట. తన నోట ఒక్కసారి రాలేదు, వండింది తనే గనక, వండినవాళ్ళు ఆఖర్న తింటారు గనక. కాలా నొచ్చుకున్న మొహం పెట్టి, "పద్దెనిమిదేళ్ళలో ఎవరూ అన్లేదు" అంటూనే ఉప్పుగిన్నె తెచ్చాడు. తెచ్చిన చేత్తోనే తందూరు నుంచి రొట్టె తీసుకొచ్చి, "ఇంకోటి?" అన్నాడు. ఆమె చేతులు కదలబోయాయి, ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఆగాయి. ఆకలి ఎంతుందో చూసుకుంది. చూసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ముగ్గురూ ఆగారు.

"సగం" అంది.

"సగం రొట్టె మా ధాబాలో లేదు బీబీజీ" అన్నాడు కాలా. అంటూనే చింపాడు. ఒక సగం ఆమె పళ్ళెంలో వేశాడు. రెండో సగం చేత్తో పట్టుకుని, దాన్ని ఏం చేయాలో తెలియక, పొగలు కక్కుతున్న ఆ ముక్కను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ నిలబడిపోయాడు. అప్పుడు దల్బారా సింగ్ చేతులు లేచాయి. అతను ఎటో చూస్తున్నాడు, రోడ్డు వైపో, బండి వైపో. చేతులు మాత్రం వాటంతటవే లేచి, పక్కపక్కన చేరి, పిండి గీతలున్న దోసిలి అయి కాలా ముందుకు చాచుకున్నాయి. మంచం చివర, పడిపోయేంత చివర కూర్చుని.

"ఇవాళ నా ధాబాకు వచ్చినవాళ్ళంతా లంగర్‌కే వస్తున్నారు" అని కాలా ఆ సగాన్ని ఆ దోసిట్లో పెట్టాడు. దల్బారా సింగ్ చేతుల వైపు చూసుకుని చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆమె ఆ చేతుల వైపే చూస్తోంది. వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి. బొటనవేలు వెనక్కి వంగలేదు. ఎవరిలాగానూ లేవు.

"అక్కా" అన్నాడు గుర్నైబ్ గొంతు తగ్గించి, "మరి ఏమంటావు? ఇవాళ చెప్తామన్నాం."

ఆమె కూరలో చిటికెడు ఉప్పు వేసి, వేలితో కలిపి, రుచి చూసింది. ఇంకో చిటికెడు వేసింది.

"గోడ మీద పద్నాలుగున్నాయి" అంది. "నేనింకా ఒక్కటే తిన్నాను. వచ్చే గురువారం మళ్ళీ వద్దాం. ఆయనక్కూడా వీలైతే రమ్మను. పక్కవాళ్ళ పళ్ళెం చూపించకుండా తనకేది కావాలో తనే చెప్పాలి."

గుర్నైబ్ ఆమె వైపు, అతని వైపు, మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఇది అవునా, కాదా, వాడికి అంతు చిక్కలేదు. ఆమెకూ చిక్కలేదు. కాని పొద్దుటి నుంచి నాలుక మీద కూర్చున్న ఆ రెండు మాటల బరువూ దిగిపోయి, వంకాయ పొగ వాసన మిగిలింది.

"కొత్త గోధుమ రోజులు. గురువారం మర నడుస్తుంది" అన్నాడు దల్బారా సింగ్, సగం రొట్టె ఇంకా దోసిట్లోనే పెట్టుకుని. కాసేపు గోడ వైపు చూశాడు, పైనుంచి కింది దాకా, ఒక్కొక్కటీ.

"ఆపేస్తాను" అన్నాడు.